పిల్లాణ్ణి చేబదులు ఇవ్వొచ్చా?

చేబదులు అనే మాటంటే నాకు మహా ఇష్టం. వడ్డీ లేదు, ప్రామిసరీ నోటు లేదు, సాక్షి సంతకం లేదు. జీతం పడటానికి నాలుగు రోజుల ముందు రూమ్మేటు దగ్గర రెండువేలు తీసుకుంటాం, ఒకటో తారీకున ఇచ్చేస్తాం. పక్కింటావిడ గ్లాసుతో వచ్చి పంచదార పట్టుకెళ్ళేదీ ఇదే పద్ధతిలో. నమ్మకం ఉన్నచోట కాగితంతో పనేంటి అన్నది మనవాళ్ళ సిద్ధాంతం.

గత రెండేళ్ళుగా నేను చేస్తున్న ఒక జీతం లేని ఉద్యోగంలో పిల్లల్నే చేబదులు ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం చూస్తున్నాను. నిజంగానే పిల్లల్ని! ఒక సాకర్ టీములో ఆడే పదేళ్ళ పిల్లాణ్ణి ఇంకో టీమువాళ్ళు శని, ఆదివారాలకి తీసుకెళ్ళి, ఆడించుకుని, సోమవారానికి తిరిగి అప్పజెప్పేస్తారు. ఇక్కడ వాణ్ణి గెస్ట్ ప్లేయర్ అంటారు. అతిథి ఆటగాడు అనుకోండి. ఈ అతిథిని పిలవడానికి పట్టే కాగితాలు చూస్తే నాకు మండలాఫీసులో కుల ధృవీకరణ పత్రం కోసం తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

ముందు నేనిందులో ఎలా ఇరుక్కున్నానో చెప్పాలి. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. మాకు ఆటంటే క్రికెట్టు, కాదంటే వాలీబాల్. ఇంజనీరింగ్ అయ్యాక ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి, ఇప్పుడు డాలస్ శివార్లలో కోడు రాసుకుంటున్నాను. మా అక్కావాళ్ళు రెండు వీధుల అవతల ఉంటారు. మా మేనల్లుడి టీముకి మేనేజర్ కావాలని కోచ్ అడిగితే, మా బావ "మా బావమరిది ఖాళీగానే ఉంటాడు, ఇంకా పెళ్ళి కూడా కాలేదు" అని నా పేరు ఇచ్చేశాడు. మేనేజర్ అంటే ఆట నేర్పేవాడనుకునేరు. ఆటంతా కోచ్ చూసుకుంటాడు. మేనేజర్ చేతిలో ఒక లావుపాటి బైండర్ ఉంటుంది. ఆ బైండర్ మొయ్యడమే ఉద్యోగం.

అదయినా ఊరికే చేతికివ్వరు. నేర చరిత్ర తనిఖీ చేయించుకోవాలి, సేఫ్‌స్పోర్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చెయ్యాలి. ఆటల్లో పిల్లల మీద జరిగే లైంగిక అఘాయిత్యాలను అడ్డుకోవడానికి 2018 ఫిబ్రవరిలో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. ఈ జాగ్రత్తలు బాగా బిగుసుకున్నది అప్పట్నుంచే.

ఇక అసలు సంగతి. ఇక్కడ పోటీ సాకర్ ఆడే ప్రతి పిల్లాడూ ఏదో ఒక సంఘంలో రిజిస్టరై ఉంటాడు. 1974లో మొదలైన యూఎస్ యూత్ సాకర్, దాని రాష్ట్ర శాఖలు ఒకవైపు. 2001లో వచ్చిన యూఎస్ క్లబ్ సాకర్ ఇంకోవైపు. 1964 నుంచీ ఉన్న ఏవైఎస్ఓ మరోవైపు. అన్నిటికీ పైన 1913 నాటి యూఎస్ సాకర్ ఫెడరేషన్. పిల్లాడి ఫొటో, పుట్టిన తేదీ వేసి ప్లేయర్ పాస్ అని ఒక కార్డు ఇస్తారు. టీము జాబితాని రోస్టర్ అంటారు. రోస్టర్‌లో పేరు, చేతిలో పాస్ ఉంటేనే గ్రౌండులోకి అడుగు పెట్టనిస్తారు. పదేళ్ళలోపు పిల్లలు ఏడుగురి ఆట ఆడతారు, రోస్టర్‌లో పన్నెండుమంది దాకా ఉండొచ్చు. ఆ పైవాళ్ళకి తొమ్మిదిమంది ఆట, పదహారుమంది దాకా రోస్టర్.

అంతా బాగానే ఉంటుంది, ఎవరూ ఊరెళ్ళనంతవరకూ. మా టీములో సగంమంది మనవాళ్ళే. మే నెలాఖరుకి బళ్ళు మూసెయ్యగానే, టికెట్లు చవగ్గా దొరికిన రోజు హైదరాబాదో విజయవాడో విమానం ఎక్కేస్తారు. సరిగ్గా అప్పుడే టోర్నమెంట్లు. ఒకడు తాతయ్యగారి ఊళ్ళో, ఇంకొకడు కట్టుతో, మరొకడు ఉపనయనంలో. మిగిలినవాళ్ళు ఏడుగురో ఎనిమిదిమందో. ఎండలో రోజుకి రెండు ఆటలు. అందుకని పక్క టీముల్లోంచి ఇద్దరు ముగ్గుర్ని అడిగి తెచ్చుకుంటారు.

తెచ్చుకోవాలంటే ముందు గెస్ట్ ప్లేయర్ ఫారం నింపాలి. అందులో పిల్లాడి వివరాలు, ఇచ్చే టీము, పుచ్చుకునే టీము, టోర్నమెంటు పేరు, తేదీలు ఉంటాయి. కింద తల్లో తండ్రో పెట్టే సంతకం, సొంత క్లబ్బు సంతకం, కొన్నిచోట్ల రాష్ట్ర సంఘం రిజిస్ట్రార్ ఆమోదం. దానికి ప్లేయర్ పాస్ నకలు జతచెయ్యాలి. పిల్లాడికి ఏమన్నా అయితే వైద్యం చేయించడానికి అనుమతిస్తూ మెడికల్ రిలీజ్ ఇంకోటి, కొన్ని టోర్నమెంట్లు దానికి నోటరీ కూడా అడుగుతాయి. అతిథులు ఇంతమందికి మించకూడదని ఒక లెక్క. ఒకే టోర్నమెంటులో ఒక పిల్లాడు రెండు టీములకి ఆడకూడదని ఇంకో నిబంధన. కాగితం అంటే ఈ రోజుల్లో చాలావరకు పీడీఎఫ్‌లే లెండి. అయినా ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఫోనుతో ఫొటో తీసి, మళ్ళీ అప్‌లోడ్ చేసే భాగ్యం అలాగే ఉంది.

ఆఫీసులో లంచ్ దగ్గర ఈ సంగతి చెప్తే ఒకటే నవ్వులు. "పదేళ్ళ పిల్లాడు బంతి తన్నడానికి ఇంత ప్రాసెస్సా? మన ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంటే నయం" అన్నాడొకడు. నేనూ నవ్వాను. కానీ నవ్వి వదిలేసే విషయం కాదనిపించింది. ఎవరికి ఏ యాక్సెస్ ఎందుకివ్వాలో రోజంతా తేల్చుకునే వృత్తి మనది. అదే అలవాటుతో ఒక ఆదివారం బైండర్ ముందేసుకుని, ఒక్కో కాగితానికీ ఒకే ప్రశ్న వేశాను: ఇది ఎవరి కోసం?

ముందు ప్లేయర్ పాస్. వయసు దొంగలెక్కలు మనకి కొత్త కాదు కదా. మా స్కూలు అంతర పాఠశాలల వాలీబాల్‌కి వెళ్ళినప్పుడు, అవతలి టీములో తొమ్మిదో తరగతి పిల్లాడని బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పెద్దమనిషి ఉదయమే గడ్డం గీసుకుని వచ్చాడు. వాడు కొట్టిన స్మాష్ తగిలి మావాడి చూపుడువేలు వారం రోజులు వంకాయలా ఉబ్బిపోయింది. సాకర్‌లో తగిలేది వేళ్ళకి కాదు, కాళ్ళకి, తలకి. అందుకే వయసు గ్రూపుల దగ్గర ఇక్కడ చాలా పట్టుదలగా ఉంటారు. 2015లో ప్రకటించి 2017 కల్లా అందరూ జనవరి నుంచి డిసెంబరు దాకా ఒకే ఏడాది పుట్టినవాళ్ళని ఒక గ్రూపుగా పెట్టారు. బడి తరగతులకీ దీనికీ పొంతన లేక స్నేహితులు విడిపోతున్నారని, ఇందాక చెప్పిన మూడు సంఘాలూ 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1 మొదలు జులై 31 దాకా లెక్కకి మారాలని నిర్ణయించాయి. అతిథిగా వచ్చే పిల్లాడు తన వయసుకన్నా పెద్దవాళ్ళతో ఆడొచ్చు, చిన్నవాళ్ళతో ఆడకూడదు. ఈ కాగితం అవతలి టీములోని పిల్లల కోసం. దానికి నా ఓటు ఉంది.

తర్వాత మెడికల్ రిలీజ్. అందరూ విసుక్కునేది దీన్ని చూసే. ఎలర్జీలు రాయి, ఇన్సూరెన్సు నంబరు రాయి, ఆఖరి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడో రాయి. ఒక సెప్టెంబరు శనివారం పక్క క్లబ్బు నుంచి ఒక గోల్‌కీపర్ పిల్లాడు మాకు అతిథిగా వచ్చాడు. వాళ్ళ నాన్న వాణ్ణి దింపేసి కూతుర్ని సంగీతం క్లాసుకి తీసుకెళ్ళాడు. రెండో సగంలో ఆ పిల్లాడు గోల్ ముందు వంగిపోయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. అలసిపోయాడనుకున్నాం. దగ్గరికి వెళ్తే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మా కోచ్‌కి తన పిల్లల్లో ఎవరికేముందో కంఠతా వచ్చు, ఈ పిల్లాణ్ణి మాత్రం ఆ ఉదయమే మొదటిసారి చూశాడు. నాన్న ఫోను ఎత్తడంలేదు. బైండర్ తెరిస్తే వాళ్ళమ్మ చేతిరాతతో ఉంది: ఉబ్బసం, నీలం ఇన్‌హేలర్, బ్యాగు బయటి జిప్పులో, రెండుసార్లు పీల్చాలి. కింద సంతకం. టోర్నమెంటు ప్రథమ చికిత్సవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి వాడి చేతిలో ఇన్‌హేలర్ ఉంది. పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడి, "మళ్ళీ ఆడొచ్చా?" అని అడిగాడు. ఇవాళ్టికి చాల్లే నాన్నా అన్నాం.

ఆ కాగితం ఎవరి కోసమో ఇంకా వేరే చెప్పక్కర్లేదు. పిల్లాడు సొంత టీములో ఉన్నంతకాలం వాడి గురించిన సమాచారం మనుషుల బుర్రల్లో ఉంటుంది. టీము మారిన క్షణంలో ఆ సమాచారం వాడితో రాదు. కాగితమే దాన్ని మోసుకొస్తుంది. ఇన్సూరెన్సు సంగతీ ఇంతే. రిజిస్ట్రేషనుతో పాటు వచ్చే ప్రమాద బీమా ఆమోదం ఉన్న ఆటలకే పనిచేస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఆడించి కాలు విరిగితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఇక్కడి ఆసుపత్రి బిల్లు చూసినవాళ్ళకి తెలుసు.

మూడోది, అతిథులు ఇంతమందే అన్న లెక్క. ఇది మొదట్లో నాకు అర్థంలేనిదిగా కనిపించింది. పదిమంది వస్తే పదిమంది ఆడతారు, పిల్లలే కదా? కాస్త లెక్క వేద్దాం. పదేళ్ళలోపు ఆట యాభై నిమిషాలు. గ్రౌండులో ఏడుగురు, అంటే మొత్తం 350 నిమిషాలు. సొంతవాళ్ళు తొమ్మిదిమంది ఉంటే తలకి సుమారు 39 నిమిషాలు. ముగ్గురు అతిథులొస్తే 29. ఒక్కో ఆటలో పది నిమిషాలు పోయాయి, మూడు ఆటల టోర్నమెంటులో అరగంట. అదీ సమానంగా పంచితే. గెలవడానికి తెచ్చిన పిల్లాణ్ణి ఏ కోచూ బెంచీ మీద కూర్చోబెట్టడు. ఆ అరగంట పోయేది టీములో అందరికన్నా నిదానంగా పరిగెత్తేవాడికే. మా టీములో అలాంటివాడు ఒకడు నా పక్కన కూర్చుని, "అంకుల్, మేం సరిగ్గా ఆడట్లేదనా వాళ్ళని తెచ్చారు?" అని అడిగాడు. (ఇరవయ్యెనిమిదేళ్ళకే అంకుల్ అయినందుకు బాధపడే తీరిక కూడా దొరకలేదు.) ఆ పిల్లాడి పేరు గెస్ట్ ప్లేయర్ ఫారంలో ఎక్కడా ఉండదు. ఆ పరిమితి మాత్రం వాడి కోసమే ఉంది. ఆటగాళ్ళు తక్కువై తెచ్చుకోవడం వేరు, కప్పు కోసం తెచ్చుకోవడం వేరు. ఈ రెంటికీ మధ్య గీత గీయగలిగింది ఆ అంకె ఒక్కటే.

పిల్లల రాకపోకల మీద కాగితాలు ఎందుకు పుట్టాయో ప్రపంచ స్థాయిలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు ఆటగాళ్ళు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారడాన్ని ఫిఫా నియమాల్లో 19వ అధికరణం నిషేధిస్తుంది. తల్లిదండ్రులు ఆటతో సంబంధంలేని కారణంతో దేశం మారడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. కుర్రాళ్ళని దూరదేశాల నుంచి తెచ్చి, పనికిరాకపోతే నడిరోడ్డున వదిలేసే వ్యాపారాన్ని ఆపడానికి పెట్టిన నియమం ఇది. దీన్ని ఉల్లంఘించినందుకే 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బుకి రెండు ట్రాన్స్‌ఫర్ విండోల నిషేధం పడింది. అంతర్జాతీయ బదిలీ పత్రం అవసరమయ్యే వయసుని ఫిఫా 2015లో పన్నెండు నుంచి పదికి తగ్గించింది. దీని సెగ మనవాళ్ళకీ తగులుతుంది. విజయవాడ నుంచి పదకొండేళ్ళ పిల్లాడితో దిగిన కుటుంబం వాణ్ణి క్లబ్బులో చేర్చబోతే, పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్టు, తల్లిదండ్రుల ఉద్యోగం, నివాసం రుజువులు అడుగుతారు. "వీడు మా వీధిలో తప్ప ఎక్కడా ఆడలేదండీ" అన్నా వినరు. విసుగే. కానీ ఆ విసుగు వెనక ఎక్కడో ఒక పిల్లాడు మోసపోయి ఉన్నాడు.

ఇంతవరకూ కాగితం పక్షానే మాట్లాడాను. ఇక నాకు ఒళ్ళుమండే సంతకం దగ్గరికి వద్దాం.

ఫారంలో సొంత క్లబ్బు సంతకం అని ఒక గడి ఉంటుంది. వాళ్ళు ఒప్పుకుంటేనే పిల్లాడు బయట ఆడాలి. ఒక వసంతకాలం టోర్నమెంటుకి మాకు ఇద్దరు తక్కువయ్యారు. మా మేనల్లుడి క్లాసులోనే చదివే ఒక తెలుగు పిల్లాడు వేరే క్లబ్బులో ఆడతాడు. ఆ వారాంతం వాళ్ళ టీముకి ఆటల్లేవు. అడిగితే ఎగిరి గంతేశాడు. వాళ్ళమ్మగారు ఫారం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "తమ్ముడూ, ఇది పెడితే మావాడు ఆ టీము వదిలేసినట్టు అవదు కదా? ఏడాది ఫీజు మొత్తం కట్టేశాం" అన్నారు. "లేదక్కా, రెండు రోజులకే, ఇదిగో తేదీలు" అని చూపించాను. ఆవిడ సంతకం పెట్టారు. మేం పెట్టాం. వాళ్ళ క్లబ్బుకి పంపాం. రెండు రోజులు జవాబు లేదు. గుర్తుచేశాం. గురువారం రాత్రి ఒక లైను వచ్చింది: బయటి క్లబ్బులకి ఆటగాళ్ళను పంపడం మా విధానం కాదు. కారణం లేదు, ఎవరినన్నా అడగడానికి ఒక పేరు కూడా లేదు. శనివారం ఆ పిల్లాడు స్నేహితుల ఆట చూడ్డానికి వచ్చి, గీత అవతల తనే బంతి తన్నుకుంటూ కూర్చున్నాడు. "కాగితం రాలేదు నాన్నా" అంటే ఆ వయసువాడికి ఏం అర్థమవుతుంది?

అవతలి పక్షం కూడా చెప్పాలి. క్లబ్బుల భయం ఉత్తుత్తిది కాదు. మే, జూన్‌లలో ట్రైఔట్లు జరుగుతాయి. అతిథిగా పిలిచి, బాగా చూసుకుని, వచ్చే ఏడాదికి లాగేసుకునేవాళ్ళు ఉన్నారు. ఒక్కో పిల్లాడి మీద ఏడాదికి వేల డాలర్లు వస్తాయి. పైగా వేరేవాళ్ళ టోర్నమెంటులో మడమ బెణికించుకుని వస్తే నష్టం సొంత టీముకి. ఇవన్నీ నిజమే. నిజమైనా, అవి క్లబ్బు ఇబ్బందులు. వాటికి పదేళ్ళవాణ్ణి గీత అవతల కూర్చోబెట్టడం మందు కాదు.

ఈ వ్యవహారం మన వృత్తిలో వాళ్ళకి ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. రిలీవింగ్ లెటర్! ఇండియాలో ఐటీ ఉద్యోగం మారినవాడెవడికైనా ఆ కాగితం విలువ తెలుసు. మూడు నెలల నోటీసు పీరియడు, బాండు, "మీ రిలీజ్ ప్రాసెస్‌లో ఉంది" అనే ఈమెయిళ్ళు. అది ఉద్యోగి మంచికోసం పుట్టిన కాగితం కాదు. పట్టి ఉంచడానికి ఒక తాడు. సంపాదించుకునే వయసులో మనకే అంత చిరాకు తెప్పించే తాడుని, నాలుగో తరగతి పిల్లాడి కాలికి కట్టడమేంటి? వాడు జీతం తీసుకోవట్లేదు, ఎదురు ఫీజు కడుతున్నాడు.

పెద్దవాళ్ళ ఆటలో కూడా ఇంత ఏకపక్షంగా లేదు. ఒక క్లబ్బు ఆటగాణ్ణి ఇంకో క్లబ్బుకి లోన్ మీద పంపాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఆటగాడూ ఒప్పుకోవాలి. క్లబ్బులు ఆటగాళ్ళని గోదాములో సరుకులా పోగేసి ఊళ్ళమీదకి అప్పులిస్తున్నాయని 2022 జులై నుంచి ఫిఫా అంతర్జాతీయ లోన్ల మీద పరిమితి పెట్టింది. ఒక క్లబ్బు ఇచ్చేవి ఎనిమిది, పుచ్చుకునేవి ఎనిమిది అని మొదలుపెట్టి 2024 నాటికి ఆరుకి దించింది. (21 ఏళ్ళలోపు వాళ్ళకీ, సొంత క్లబ్బులోనే తయారైనవాళ్ళకీ మినహాయింపు.) ఏ లోనూ ఏడాది దాటకూడదు, లోన్ మీద వచ్చినవాణ్ణి మళ్ళీ ఇంకొకరికి లోన్ ఇవ్వకూడదు. అంటే కోట్ల వ్యాపారంలో కూడా నియమం క్లబ్బు చేతులు కట్టేస్తోంది. పిల్లల ఆటలో మాత్రం క్లబ్బు "ఇవ్వం" అంటే అదే ఆఖరి మాట.

దీనికి తోడు కార్డుల గొడవ. ఒక సంఘం కార్డుతో ఇంకో సంఘం రోస్టర్‌లో మామూలుగా ఆడనివ్వరు, ఆ సంఘం కార్డు కూడా తీసుకోవాలి. అదే పిల్లాడు, అదే పుట్టిన తేదీ, అదే ఫొటో, ఫీజు మాత్రం మళ్ళీ కొత్త. ఇలాంటి రెండు డేటాబేసులు మన ఆఫీసులో ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు మైగ్రేషన్ ప్రాజెక్టు మొదలెట్టేవాళ్ళు.

మరి ఏం చెయ్యాలంటారా? కాగితాలన్నీ తీసేయమని నేననను. ఆ ఇన్‌హేలర్ రోజు తర్వాత అసలే అనను. క్లబ్ పాస్ అని ఇప్పటికే చాలాచోట్ల ఉంది. ఒకే క్లబ్బులోని టీముల మధ్య పిల్లలు ప్రత్యేకమైన ఫారం లేకుండా ఏ ఆటకా ఆట మారొచ్చు. క్లబ్బు గోడ దాటేటప్పుడు కూడా అంత సులువు కాకపోయినా, సగమన్నా చెయ్యొచ్చు. నా ప్రతిపాదన ఇది. వయసు రుజువు, వైద్య అనుమతి, బీమా కచ్చితంగా ఉండాలి. అతిథుల పరిమితి ఉండాలి. సొంత క్లబ్బు సంతకం స్థానంలో సొంత క్లబ్బుకి సమాచారం ఉండాలి. ఆ రోజుల్లో తమకి ఆట ఉందనో, పిల్లాడికి సస్పెన్షన్ ఉందనో, దెబ్బ తగిలి కోలుకుంటున్నాడనో చెప్పి 48 గంటల్లో అభ్యంతరం పెట్టొచ్చు. పెట్టకపోతే ఒప్పుకున్నట్టే. ఆదివారం రాత్రికి అనుమతి దానంతటదే రద్దయిపోవాలి. మనం సర్వర్ల మీద తాత్కాలిక యాక్సెస్ ఇచ్చేది ఇలాగే కదా: ఎవరికి, దేనికి, ఎప్పటిదాకా.

ఇది మరీ ఆదర్శంగా ఉందనుకుంటే, మనందరం భయపడే హెచ్-1బీ నియమాలే చూడండి. పనిచేసే ఊరు మారితే సవరణ పిటిషన్ వెయ్యాలని 2015లో తేల్చిచెప్పారు. అంత కఠినమైన చోట కూడా, కొన్ని షరతుల మీద ఏడాదికి 30 పనిదినాలు, కొన్ని సందర్భాల్లో 60 దాకా, ఇంకో ఊళ్ళో కొత్త లేబర్ కండిషన్ అప్లికేషన్ లేకుండా పనిచెయ్యడానికి వీలుంది. తాత్కాలికం వేరు, శాశ్వతం వేరు అని కార్మిక శాఖకి అర్థమైన ముక్క పిల్లల సాకర్ క్లబ్బులకి అర్థంకాకపోవడమే విడ్డూరం.

ఫారంలో ఇంకో గడి కూడా ఉంటే బాగుంటుందని నాకో కోరిక. పిల్లాడి కోసం. చట్టపరంగా దానికి విలువ ఉండదు, తెలుసు. "నీకు అక్కడ ఆడాలని ఉందా?" అని ఒక ప్రశ్న, పక్కన వాడి వంకరటింకర సంతకం. కోచ్‌ల పంతాలు, నాన్నల సరదాలు, మేనేజర్ల అవసరాలు అన్నీ చేరే కాగితంలో, ఆడేవాడి మాట ఒక్కటే లేదు. పోయిన సీజనులో ఒక పిల్లాడు వాళ్ళ నాన్న బలవంతాన అతిథిగా వచ్చి, రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడకుండా ఆడి వెళ్ళాడు. కాగితాల్లో ఒక్క లోపం లేదు.

మీ పిల్లలో మేనల్లుళ్ళో ఇక్కడ సాకర్ ఆడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫారం మీ చేతికొస్తుంది. విసుక్కోకుండా మూడు పనులు చెయ్యండి. మెడికల్ రిలీజ్‌లో మందులు ఏ జేబులో ఉంటాయో కూడా రాయండి. మీవాడు వెళ్తే అక్కడ ఎవరి నిమిషాలు తగ్గుతాయో అవతలి మేనేజర్‌ని అడగండి, నాలాంటివాడు నిజమే చెప్తాడు. ఇక మూడోది, ముగిసే తేదీ రాసి ఉందో లేదో చూసుకుని, ఒక నకలు దాచుకుని మరీ సంతకం పెట్టండి.